శనివలయము: ఒక పద్దు సవరణ

మన గ్రంథాలయము వెలసిన తొలి యేండ్లలో ఒక సాయంకాలము ఒక బాలుడు ఖగోళ గ్రంథములోని శనిగ్రహపు బొమ్మను నాకు జూపి, “సారూ, ఈ చక్రము దేనితోటి చేసిండ్రు?” అని యడిగెను. ఊరి లెక్కలు వ్రాయువాడను. నలుగురి యెదుట తెలియదని చెప్పుట చిన్నతనముగా దోచినది. “ఆవిరి, బిడ్డా” అంటిని. ఆ మాట తప్పని గ్రహించుటకు నాకు మూడు నెలల చదువు పట్టినది. ఈ రజతోత్సవ సంచికలో ఆ పద్దును సవరించుకొనుచున్నాను.

శనిని తలపని యిల్లు మన యూర లేదు. ఏలినాటి శని యనగానే నల్లనువ్వులు, నూనె సిద్ధమగును. ఒక మహాయుగమందలి 43,20,000 సంవత్సరములలో శని 1,46,568 మారులు తిరుగునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. భాగించి చూచితిని, ఒక ప్రదక్షిణమునకు 29.47 యేండ్లు. నేటి లెక్కయు దాదాపు అంతే. మందుడను పేరు ఊరక రాలేదు. అయితే వలయము ప్రసక్తి అందు లేదు. దుర్భిణి లేనిదే కనబడని దానిని పూర్వులు చూచిరని చెప్పుట వారికి గౌరవము కాదు.

1610లో గెలీలియో దుర్భిణితో శనిని జూచి, ఇరుప్రక్కల రెండు చిన్న గోళములు కలవని తలచెను. 1612లో అవి కనబడక పోగా విస్తుపోయెను. అది గ్రహమును తాకక చుట్టియున్న పలుచని వలయమని 1659లో హైగెన్సు ప్రకటించెను. 1675లో కాసిని అందొక నల్లని సందును కనుగొనెను. పలక వంటి గట్టి వస్తువా, ద్రవమా యను తగవు మాత్రము తీరలేదు.

దానిని గణితముతో తీర్చినవాడు మాక్స్‌వెల్. గట్టి పలక యైనచో నిలకడ లేక గ్రహముపై కూలును, ద్రవమైనచో ముక్కలగును, కావున లెక్కకు మిక్కిలియైన విడివిడి తునుకలు ఎవరి దారిన అవి తిరుగుచుండవలెనని 1857లో బహుమతి పొందిన తన వ్యాసమున నిరూపించెను. కళ్ళములో బంతి తోలినవారికి ఇది సులభముగా బోధపడును. ఒకే త్రాటికి కట్టిన యెడ్లలో నడిమి రాటవద్దిది మెల్లగా నడువగా, వెలుపలిది పరుగెత్తవలెను. శనివలయమున దీనికి విరుద్ధము. లోపలి తునుకలు సెకండుకు 20 కిలోమీటర్ల చొప్పున పోవుచుండ, వెలుపలివి 17 కిలోమీటర్లు మించవు. 1895లో కీలర్ వర్ణపటము ద్వారా ఈ తేడాను కొలిచెను. త్రాడు లేదని తేలినది.

తునుకలు దేనివి? 1970లో పిల్చర్ మున్నగువారు వలయమునుండి వచ్చు పరారుణ కాంతిని పరిశీలించి, నీటిమంచు మ్రింగివేయు కిరణములే అందు లోపించినవని చూపిరి. 2004 నుండి 2017 వరకు శనిని చుట్టిన కాసిని నౌక దానిని దృఢపరచినది. వలయమున నూటికి తొంబదియైదు పాళ్ళకు పైగా నీటిమంచే. మిగిలినది రాతిధూళి, కర్బన పదార్థములు. నలుసు మొదలు ఇల్లంత బండ వరకు పరిమాణములు కలవు. ప్రధాన వలయముల వెడల్పు ఈ కొననుండి ఆ కొనకు రెండులక్షల డెబ్బదివేల కిలోమీటర్లు. మందము పెక్కుచోట్ల పది మీటర్ల ప్రాంతము. మన పహాణీ కాగితము మందమునకు దానిని తగ్గించినచో, ఆ కాగితము రెండున్నర కిలోమీటర్లకు మించి పరచుకొనును. మొత్తము బరువు మన చంద్రునిలో ఐదువేలవ వంతు.

మన పొలములు ప్లాట్లు కాకమునుపు, వడగండ్లు పడిన యేట వరి నష్టము వ్రాసికొనుటకు గట్లవెంట తిరిగినవాడను. చేతికి తగిలిన ఆ చల్లని రాళ్ళే అక్కడ నేలకు దిగక తిరుగుచున్నవని యెరిగినపుడు కలిగిన ఆశ్చర్యము నేటికిని తగ్గలేదు.

మంచువలయముల కథలో హైదరాబాదుకును భాగము కలదు. నవాబు జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండునుండి 15 అంగుళముల దుర్భిణిని తెప్పించి, మనవలెనే మూసీకి దక్షిణమున నున్న ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పెను. అదియే తరువాత బేగంపేటకు తరలిన నిజామియా వేధశాల. అందు పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు వైను బప్పు. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డుకు పోయి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడాయెను. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన కృషి ఫలము.

1977 మార్చి 10న యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డుగా వచ్చినది. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి గార్లు కనిపెట్టుచుండగా, గ్రహము అడ్డుపడక మునుపే నక్షత్రకాంతి కొన్ని సెకండ్లు మందగించినది. క్రొత్త ఉపగ్రహమేమో యని వారు ప్రకటించిరి. అదే సమయమున హిందూమహాసముద్రముపై విమానమునుండి చూచిన అమెరికా వారికి పెక్కు మందగింపులు, గ్రహమునకు ఇరువైపుల జతజతలుగా దొరికెను. అవి వలయములు! కావలూరు పద్దులో అంకె సరియైనదే. ఖాతా పేరు మాత్రము మారినది. నా “ఆవిరి”కి అంకెయు లేదు.

యురేనస్ వలయములు శనివలె మెరయవు. 1986 జనవరిలో వాయేజర్-2 వానిని సమీపమునుండి చూడగా బొగ్గువలె నల్లగా నుండెను. నీటిమంచుతో కలిసిన కర్బన పదార్థములు వికిరణము సోకి నల్లబడెనని శాస్త్రజ్ఞుల యూహ.

శనిమంచు సైతము శాశ్వతము కాదు. అది కొంచెము కొంచెముగా గ్రహముమీదికి వానవలె రాలుచున్నది. ముప్పది కోట్ల యేండ్లలో వలయము తరిగిపోవచ్చునని ఒక లెక్క. 2025 మార్చిలో దాని అంచు సరిగా మనవైపునకు తిరుగుటచే అది కొన్నాళ్ళు కనుమరుగైనది. సుమారు పదునైదేండ్లకొకసారి ఇట్లు జరుగును. గెలీలియోను బెదరించినదియు ఇదియే. పత్రికలో ఆ వార్త చదివి, నాటి బాలుడు, నేడు ఇద్దరు బిడ్డల తండ్రి, నాకు ఫోను చేసినాడు.

“సారూ, మీ ఆవిరి ఎగిరిపోయిందట గదా!”

“వడగండ్లు, బిడ్డా. అంచు తిరిగినయి, అంతే” అంటిని.