చప్పుడు పద్దు

చప్పుడు లేకుండా పండగ చేసుకోవడం మనుషులకు ఎందుకో చేతకాదు. పెళ్ళికి బాజా, జాతరకు డప్పు, దీపావళికి టపాకాయ. అంతటితో ఆగితే బాగానే ఉండును. గుండె దడదడలాడించే చప్పుడొకటి ఉంటేగాని ఊరంతా కలిసి సంతోషించినట్టు ఉండదు కాబోలు! అందుకే మన జాతరల్లో ఔట్లు పేలుస్తారు. కేరళ గుళ్ళలో ఇనప గొట్టాల్లో మందు కూరి ‘కదిన’ పేలుస్తారు. మా అమ్మమ్మ, ఔటు పేలేముందు పక్కనున్న పిల్లల చెవులు మూసేదిగాని తన చెవులు మూసుకునేది కాదు. ఉన్నవి రెండు చేతులే కదా మరి!

ఈ సరదా మన ఒక్కరి సొత్తే అనుకోకండి. 1776లో అమెరికా నాయకులు స్వాతంత్ర్యానికి ఓటు వేసిన మర్నాడు, జూలై 3న, జాన్ ఆడమ్స్ ఇంటిదగ్గరున్న భార్య అబిగైల్‌కు ఉత్తరం రాశాడు. రాబోయే తరాలవాళ్ళు ఈ రోజును తుపాకులు పేల్చి, గంటలు మోగించి, మంటలు వేసి జరుపుకోవాలన్నాడు. ఆయన అన్నది ఓటు వేసిన జూలై 2 గురించి. జనం జూలై 4ను పండగ చేసుకున్నారు. తేదీ మారిందిగాని చప్పుడు మాత్రం ఆయన కోరినదానికంటే ఎక్కువే అయింది.

యుద్ధం మిగిల్చిన పాత ఫిరంగి ఉన్న ఊరివాళ్ళు దాన్నే పేల్చేవారు. లేని ఊరివాళ్ళు ఊరుకుంటారా? కమ్మరి కొలిమి దగ్గరికి పరుగెత్తేవారు. ఒక దాగలి మీద తుపాకిమందు పోసి, దానిమీద ఇంకో దాగలి పెట్టి నిప్పంటించేవారు. అంత బరువైన ఇనుమూ గాల్లోకి ఎగిరిపడేది. ఇంగ్లండు కమ్మరులు కూడా నవంబరు 23న, తమ సెయింట్ క్లెమెంట్ పండగనాడు, ఇదే పని చేసేవారు. చేతిపని వచ్చిన మగవాళ్ళు కొందరు ఇంట్లోనే బుల్లి ఫిరంగులు తయారుచేసుకునేవారు. తుపాకిమందులో ఉండేది సురేకారం, గంధకం, బొగ్గు. మందు మంచిదే కావచ్చు, గొట్టం మంచిదో కాదో పైకి చూస్తే తెలియదు. పోత ఇనుములో కంటికి కనపడని బుడగ ఒక్కటుంటే చాలు, గుండుకు బదులు గొట్టమే బద్దలయ్యేది.

పిల్లలకేమో బొమ్మ పిస్తోళ్ళు, వాటిలో గుండులేని ఉత్త తూటాలు. గుండు లేదుగదా, ఏమవుతుందిలే అనుకునేవారు పెద్దలు. తూటాలో కుక్కిన అట్టముక్క అరచేతి చర్మంలోకి దూసుకుపోయేది, దాంతోపాటు మట్టీ మశానమూ. పైకి చూస్తే చిన్న గాయం. లోపల గాలి తగలనిచోట ధనుర్వాతం పుట్టేది. వారం పదిరోజుల తర్వాత పిల్లవాడి దవడ బిగుసుకుపోయేది. ఆనాటికి ధనుర్వాతం టీకా ఇంకా రాలేదు.

మరి ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదేం? ఎవరింట్లో ఏడుపు వాళ్ళింట్లోనే ఆగిపోయింది, అంతే. కూడి చూసినవాళ్ళు లేరు. చివరికి అమెరికా వైద్యసంఘం పత్రిక 1903లో లెక్క తీసింది. ఒక్క జూలై పండగకు 3,983 మందికి గాయాలు, 466 చావులు. చనిపోయినవాళ్ళలో 406 మందిని పొట్టనబెట్టుకుంది ధనుర్వాతమే. ఒక యుద్ధానికి తక్కువేం కాదు!

సరిగ్గా ఆ రోజుల్లో న్యూయార్కులో జూలియా రైస్ అనే ఇల్లాలుండేది. వైద్యం చదివిన మనిషి, ఆరుగురు పిల్లల తల్లి. ఇంటి ముందున్న హడ్సన్ నదిలో పడవలు రాత్రంతా కూతలు కూస్తుంటే అందరిలా తిట్టుకుని ఊరుకోలేదు. లా చదివే కుర్రాళ్ళను కూర్చోబెట్టి కూతలు లెక్కపెట్టించింది. ఒక్క రాత్రిలో దాదాపు 3,000! ఆ లెక్క పట్టుకుని అధికారుల చుట్టూ తిరిగింది. 1906లో అనవసరపు చప్పుళ్ళను అణచడానికి ఒక సంఘమే పెట్టింది. తర్వాత జూలై పండగ చప్పుళ్ళ మీదికీ వెళ్ళింది.

ఇంతలో 1908 జూలై 3న క్లీవ్‌లాండులో ఒక దుకాణంలో, కొనేవాళ్ళకు చూపించడానికి వెలిగించిన కాకరపువ్వొత్తి రవ్వలు పక్కనున్న బాణసంచా మీద పడి ఏడుగురు చనిపోయారు. ఆ ఏడే ఆ నగరం బాణసంచాను నిషేధించింది. మిగతా ఊళ్ళూ ఒక్కటొక్కటే అదే దారి పట్టాయి. ఊరేగింపులు, వనభోజనాలు, పాటలు, నాటకాలు వచ్చాయి. పదేళ్ళు తిరిగేసరికి చావుల సంఖ్య వందలోపుకు దిగింది.

అయినా చప్పుడు మోజు పోతుందా? లీహై విశ్వవిద్యాలయంలోని ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు 1907లో తుపాకిమందు అక్కర్లేని బొమ్మ ఫిరంగికి పేటెంటు తీసుకున్నాడు. 1912లో పెన్సిల్వేనియాలోని బెత్లెహేములో దాన్ని తయారుచేసే కంపెనీ పెట్టారు. అందులో వాడింది మామిడికాయలు దొంగచాటుగా మగ్గబెడతారని మనం తిట్టుకునే కార్బైడే! నీళ్ళు తగిలితే వాయువు పుడుతుంది, నిప్పురవ్వకు ‘ఢాం’ అంటుంది. గట్టి పోత ఇనుముతో, కొలత తప్పకుండా చేసిన బొమ్మ కాబట్టి అమ్మలు కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. అదే కార్బైడు 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ప్లాస్టిక్ గొట్టాల్లోకెక్కింది. చవగ్గా బజార్లో అమ్మారు, వీడియోలు చూసి కొందరు ఇంట్లోనే చేసుకున్నారు. ఇంకా పేలలేదేమిటా అని గొట్టంలోకి తొంగిచూసిన పిల్లల కళ్ళముందే పేలింది. వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, కొందరికి చూపు పోయింది. ఆ తర్వాత వాటిని నిషేధించారు. ఒకప్పుడు జాగ్రత్తకోసం పుట్టిన ఉపాయం, జాగ్రత్త ఊడిపోయి ఉపాయం ఒక్కటే మిగిలితే ఇలా అయింది.

పండగ సరుకుల పద్దు రాసేది మనమేగదా! నూనె, శనగపిండి, బెల్లంతోపాటు, మన పిల్లవాడు చేతపట్టుకొచ్చిన గొట్టాన్ని ఎవరు చేశారో, దేనితో చేశారో కూడా అడుగుదాం. జవాబు సరిగ్గా రాకపోతే లాక్కుందాం. వాడు మూతి ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి. పోయిన కన్ను తిరిగి రాదు. ముడుచుకున్న మూతి ఒక్క మిఠాయుండకు విచ్చుకుంటుంది.