కూలిన స్టేడియం, పాత ఆటగాళ్ళు

ఒక ఊరికి ఆటల చరిత్ర ఉంది అనగానే మన కళ్ళముందు ఆ ఊరి స్టేడియమే మెదులుతుంది. కలకత్తా అంటే ఈడెన్ గార్డెన్స్, మద్రాసు అంటే చేపాక్. గెలిచిన మ్యాచులు, కిక్కిరిసిన గ్యాలరీలు, గోడలమీది ఫొటోలు, ఇలా చరిత్రంతా ఆ కాంక్రీటులోనే దాచిపెట్టినట్టు మాట్లాడతాం. సరే, ఆ కాంక్రీటు ఒక మధ్యాహ్నం పగిలిపోతే? అప్పుడా చరిత్ర ఎక్కడుంటుంది?

న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. 2018లో ఆ ఊరు గోల్డెన్ ఓల్డీస్ అనే అంతర్జాతీయ వెటరన్స్ రగ్బీ పండగ జరిపింది. అప్పటికి ఊరి పెద్ద స్టేడియంలో ఏడేళ్ళుగా ఒక్క ఆట కూడా జరగలేదు. దాన్ని కూల్చెయ్యాలని నిర్ణయం కూడా అయిపోయింది. పెద్ద స్టేడియం లేని ఊరికి పెద్ద వయసు ఆటగాళ్ళు అతిథులుగా వచ్చారన్నమాట. వినడానికి రెండు లోట్లు కలిసినట్టుంది గానీ, రగ్బీ గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇదే.

ముందు ఈ పండగ గురించి. 1979లో ఆక్లండ్‌లో మొదలైంది. మొదటి నుంచీ దాని వెనక ఎయిర్ న్యూజీలాండ్ ఉంది. అంటే పుట్టుకలోనే స్నేహంతో పాటు విమానం టికెట్ల లెక్క కూడా ఉంది. ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కో ఊరికి తిరుగుతూ వచ్చింది. ముప్పై ఐదేళ్ళు నిండితే చాలు, ఆడొచ్చు. నా వయసు ముప్పై ఆరు. ఇంకా ఫిట్‌నెస్ యాప్‌లు డౌన్‌లోడ్ చేసుకుంటూ యువకుణ్ణే అనుకుంటున్నాను గానీ, ఈ లెక్కలో నేనూ వెటరన్‌నే. వారం రోజుల పండగలో కొన్ని రోజులు ఆట, మధ్యలో విశ్రాంతి, ఊరు చూడటాలు, సాయంత్రం బీరు, పాటలు. విజేత అంటూ ఎవరూ ఉండరు. ఫైనల్ ఉండదు. సరదా, స్నేహం, సౌభ్రాతృత్వం అన్నదే నినాదం.

ఇలాంటి ఆలోచన ఇంకా ముందే జపాన్‌లో ఉంది. నలభై దాటినవాళ్ళ కోసం 1948లో టోక్యోలో ఫువాకు అనే రగ్బీ క్లబ్ పెట్టారు. ఫువాకు అంటే సందేహాలు తీరిన స్థితి. నలభై ఏళ్ళకి తనకి సందేహాలు పోయాయని కన్ఫ్యూషియస్ అన్నాడు, పేరు అక్కడినుంచి తీసుకున్నారు. ఆ క్లబ్‌లో అరవైల్లో ఉన్నవాళ్ళకి ఎర్ర నిక్కర్లు, డెబ్భైల్లో పసుపు, ఎనభైల్లో ఊదా. మైదానంలో ఎదురుగా పరిగెత్తుకొస్తున్న మనిషి వయసెంతో నిక్కరు చూసి చెప్పెయ్యొచ్చు.

ఇక క్రైస్ట్‌చర్చ్. రగ్బీకి ఇది పాత ఊరు. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ 1863లో పుట్టింది. 1879లో ఏర్పడిన కాంటర్‌బరీ రగ్బీ యూనియన్ ఆ దేశంలోనే మొట్టమొదటి ప్రాంతీయ యూనియన్. 1881లో తెరిచిన లాంకస్టర్ పార్క్ ఆ తర్వాత నూట ముప్పై ఏళ్ళపాటు ఊరికి ఆటల గుండెకాయ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన క్రీడాకారుల జ్ఞాపకంగా దానికొక గేటు కట్టారు. క్రికెట్ పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకి కూడా ఈ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. 1990 ఫిబ్రవరిలో రిచర్డ్ హాడ్లీ సంజయ్ మంజ్రేకర్‌ని బౌల్డ్ చేసి, టెస్టుల్లో నాలుగొందల వికెట్లు తీసిన మొదటి బౌలరైంది ఇక్కడే. నాకైతే క్రైస్ట్‌చర్చ్ అనే పేరు మొదట తెలిసింది ఆ వికెట్ వల్లే.

అయితే చారిత్రక నగరం అన్న మాటలో గర్వం ఒక్కటే ఉండదు. 1981 ఆగస్టు 15న ఇదే లాంకస్టర్ పార్క్‌లో దక్షిణాఫ్రికా జట్టుతో మొదటి టెస్టు జరిగింది. వర్ణవివక్ష ప్రభుత్వం పంపిన జట్టుతో ఆడకూడదని న్యూజీలాండ్‌లో వేలమంది వీధుల్లోకొచ్చారు. ముళ్ళకంచెలు వేసి, పోలీసుల కాపలాలో ఆట ఆడించారు. న్యూజీలాండ్ 14-9తో గెలిచింది. కానీ ఆ గెలుపుని ఎవరూ ఇప్పుడు మొదటగా గుర్తుచేసుకోరు. ఇళ్ళల్లో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు మాటలు మానేసిన కాలం అది. 2018 పండగనాటికి అరవై ఏళ్ళున్న న్యూజీలాండ్ ఆటగాడికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. అతను కంచెకి లోపల ఉండొచ్చు, బయట రోడ్డుమీద ఉండొచ్చు. వెటరన్ అంటే పాత మోకాళ్ళు మాత్రమే కాదు, ఈ లెక్క కూడా మోసుకొచ్చే మనిషి.

పండగలు జరపడం ఈ ఊరికి కొత్త కాదు. 1990లో ఆడవాళ్ళ రగ్బీ పండగ ఇక్కడే జరిగింది. అమెరికా, నెదర్లాండ్స్, సోవియట్ యూనియన్ నుంచి జట్లు వచ్చాయి. ఆడవాళ్ళ మొదటి ప్రపంచ కప్ వేల్స్‌లో జరిగింది ఆ తర్వాతి ఏడాదే. అంటే, పెద్ద స్టేడియాల్లో ఇంకా చోటు దొరకని ఆటగాళ్ళకి ఈ ఊరు అప్పటికే ఒకసారి తలుపు తీసింది.

2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకి భూకంపం వచ్చింది. 185 మంది చనిపోయారు. ఊరి నడిబొడ్డు శిథిలమైంది. లాంకస్టర్ పార్క్ స్టాండ్లు పైకి నిలబడే ఉన్నాయి గానీ పునాదులు, నేల దెబ్బతిన్నాయి. ఆ ఏడాదే న్యూజీలాండ్‌లో ప్రపంచ కప్. క్రైస్ట్‌చర్చ్‌లో జరగాల్సిన ఐదు లీగ్ మ్యాచులు, రెండు క్వార్టర్ ఫైనల్సూ వేరే ఊళ్ళకి తరలిపోయాయి. ఇంటి జట్టు క్రూసేడర్స్‌కి ఇల్లే లేకుండా పోయింది. నెల్సన్‌లో, టిమరూలో, చివరికి భూకంప నిధి కోసం లండన్‌లో కూడా, ఇలా సీజనంతా తిరుగుతూనే ఆడారు. తిరిగి తిరిగి ఫైనల్‌దాకా వచ్చి బ్రిస్బేన్‌లో ఓడిపోయారు.

2012లో ఆడింగ్టన్ అనే పేటలో తాత్కాలిక స్టేడియం లేచింది. అక్కడున్నది అంతకుముందు రగ్బీ లీగ్ మైదానం. ఇది చిన్న విషయం కాదు. ఎందుకో తెలియాలంటే 1895కి వెళ్ళాలి. ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బుల్లో ఆడేవాళ్ళు ఎక్కువగా గనుల్లో, మిల్లుల్లో కూలీలు. శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మాకివ్వండి అని అడిగారు. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందన్నారు పెద్దమనుషులు. దాంతో ఇరవైకి పైగా క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో కూర్చుని విడిపోయాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. వందేళ్ళపాటు ఒక గట్టున ఆడినవాణ్ణి రెండో గట్టు రానిచ్చేది కాదు. చివరికి 1995 ఆగస్టులో యూనియన్ కూడా, డబ్బు తీసుకోవచ్చు అని ఒప్పుకుంది. అలాంటి యూనియన్‌కి క్రైస్ట్‌చర్చ్‌లో ఇల్లు కూలినప్పుడు, చోటిచ్చింది దాయాది మైదానం. 2018లో క్రూసేడర్స్ కప్పు గెలిచింది కూడా ఆ తాత్కాలిక స్టేడియంలోనే.

నేను ఈ పండగని ఈ వెలుగులో చూస్తాను. డబ్బు కోసం ఆడకూడదు అన్న నియమం కూలీల నోటి దగ్గర కూడు లాక్కున్నప్పుడు అన్యాయం. అదే మాట, ఎవరి బతుకూ ఆటమీద ఆధారపడని వయసులో, ఎవరూ ఎవరిమీదా రుద్దకుండా పాటిస్తే హాయిగా ఉంటుంది. ఔత్సాహిక క్రీడ అన్న పాత ఆదర్శం తన కపటాన్ని వదిలించుకుని బతికి ఉన్న చోటు బహుశా వెటరన్ల మైదానమే. పూర్తిగా వదిలించుకుందని మాత్రం అనను. ప్రపంచం ఆ చివరకి టికెట్టు కొనుక్కుని, వారం సెలవు పెట్టి, హోటల్ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్ళే అక్కడికి రాగలరు. గని కార్మికుడి మనవడు రాలేకపోవచ్చు. ఊరు కూడా ఊరికే పిలవదు. భూకంపం తర్వాత ఖాళీ అయిన నగరానికి వారంపాటు ఉండే అతిథులు అవసరం. నాకిందులో తప్పేమీ కనపడదు. అతిథికి అన్నం పెట్టే ఇంటికి కూడా బియ్యం కొనాల్సే ఉంటుంది కదా.

నన్ను ఇంకా కట్టిపడేసేది ఆ ఆట నియమాలు. రగ్బీలో స్క్రమ్ అంటే ఎనిమిదిమందికి ఎనిమిదిమంది తలలు, భుజాలు ఆనించి బలంకొద్దీ తోసుకోవడం. వెటరన్ల ఆటలో స్క్రమ్ కడతారు గానీ తోసుకోరు. కొన్ని రంగుల నిక్కర్లు వేసుకున్నవాణ్ణి పట్టుకుని ఆపొచ్చు, పడెయ్యకూడదు. మరీ పెద్దవాళ్ళనైతే ముట్టుకోకూడదు కూడా. మా సాఫ్ట్‌వేర్‌లో గ్రేస్‌ఫుల్ డిగ్రడేషన్ అంటారు. వ్యవస్థలో కొన్ని భాగాలు పాడైనా మొత్తం కుప్పకూలకుండా, తక్కువ వేగంతోనైనా పని జరిగేలా ముందే కట్టుకోవడం. ఇక్కడ ఆ పని చేసేది కోడ్ కాదు, ఎదుటి జట్టు. నీ బలహీనత నాకు తెలుసు, దాన్ని వాడుకోను అని ఇద్దరూ ముందే ఒప్పుకుంటారు.

అలా ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా ఇప్పుడు మనకి తెలుసు. 2003లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు ఆటగాడు స్టీవ్ థాంప్సన్, ఆ కప్పు గెలిచిన సంగతే తనకి గుర్తులేదని 2020లో చెప్పాడు. నలభై రెండేళ్ళకి డిమెన్షియా మొదలైంది. తలకి తగిలిన దెబ్బల గురించి పాలక సంస్థలు తమని కాపాడలేదని, అతనూ మరికొందరు మాజీ ఆటగాళ్ళూ కోర్టుకెళ్ళారు. అతను ఆడిన ఫైనల్ రికార్డుల్లో ఉంది, వీడియోల్లో ఉంది, సిడ్నీ స్టేడియం ఇప్పటికీ నిలబడే ఉంది. ఆడిన మనిషి దగ్గర మాత్రం లేదు. కట్టడం మిగిలి మనిషి జ్ఞాపకం పోవడం ఒకటి, కట్టడం పోయి మనుషులు ఆడుతూ ఉండటం ఒకటి. ఒక ఆట చరిత్రకి వీటిలో ఏది పెద్ద నష్టం?

క్రైస్ట్‌చర్చ్ నాకిచ్చిన జవాబు ఇది. చారిత్రక రగ్బీ నగరం అంటే, ఆట ఆడటానికి వచ్చినవాడికి ఎలా చోటివ్వాలో తరతరాలుగా తెలిసిన ఊరు. విజిలు ఎప్పుడు ఊదాలో తెలిసిన రిఫరీలు, డెబ్భై ఏళ్ళవాడు బంతి పట్టుకుని వస్తే పక్కకి జరగాలని తెలిసిన ఆటగాళ్ళు, మ్యాచ్ అయ్యాక రెండు జట్లకీ తిండి సర్దే క్లబ్బు మనుషులు. భూకంపం స్టాండ్లని పాడుచేసింది గానీ వీటిని కాదు. కట్టడాలు అక్కర్లేదని నేననను. ఊరి మధ్యలో ముప్పై వేలమంది పట్టే, పైకప్పున్న కొత్త స్టేడియం కోసం 2022లో పని మొదలుపెట్టారు. పెద్ద మ్యాచులు మళ్ళీ రావాలని ఏ ఊరైనా కోరుకుంటుంది.

లాంకస్టర్ పార్క్‌లో మాత్రం మళ్ళీ స్టాండ్లు కట్టలేదు. యుద్ధస్మారక గేటుని బాగుచేసి ఉంచారు. దాని వెనక ఇప్పుడు ఉత్త పచ్చిక మైదానం, గోల్‌పోస్టులు. హాడ్లీ వికెట్ తీసిన చోట, 1981లో ముళ్ళకంచె వేసిన చోట, టికెట్ లేకుండా ఎవరైనా నడుచుకుంటూ వెళ్ళొచ్చు. చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళు అక్కడ ఆడుకుంటున్నారు.