కలసి యాడుట

నృత్యము రెండు విధములు. ఒకరాడగా పలువురు చూచునది యొకటి. అందఱు నాడగా చూచువారు మిగులనిది రెండవది. మన సంఘసంస్కరణ చరిత్రలో మొదటిదానిని గూర్చి జరిగిన వాదోపవాదములు గ్రంథములనిండ నున్నవి. రెండవదానిని గూర్చి పలికినవా రరుదు. అది పల్లెవారి వేడుక యని చదువుకొన్నవారు ఊరకుండిరి. ఊరకుండుటవలన ఒక సంస్థను పోగొట్టుకొనుచున్నా మన్న యెఱుక వారికి కలుగలేదు. కర్నూలు ప్రాంతపు మెట్టసీమను, అందు నందికొట్కూరు పరిసరములను దృష్టియందుంచుకొని ఈ రెండవవిధమగు నృత్యముయొక్క చరిత్రను కొంత విచారింతము.

నందికొట్కూరు కర్నూలునుండి ఆత్మకూరు మీదుగ నల్లమల యడవికి పోవు త్రోవలో నున్నది. 2022 ఏప్రిలు వరకు కర్నూలు జిల్లాలో నుండి, అప్పుడు క్రొత్తగా నేర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. త్రోవలోని యూరగుటయే దాని చరిత్రకు మూలము. ఉగాదికి కన్నడదేశమునుండి బయలుదేరు మల్లికార్జున భక్తులు నేటికిని ఆత్మకూరు, వెంకటాపురము, నాగలూటి మార్గమున కాలినడకను శ్రీశైలము చేరుచున్నారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రయందలి పర్వత ప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమున గుమిగూడిన జనుల పాటలను, ఆటలను విస్తరించి వర్ణించెను. కాకతీయ సేనాని జాయపుడు 1253–54 ప్రాంతమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిలో దేశి నృత్తములకు ప్రత్యేక స్థానమిచ్చెను. కోలలు చేతబట్టి వలయముగ నాడు దండరాసకము వానిలో నొకటి. నేడు మనము కోలాట మనుచున్నది అట్టి సంప్రదాయముయొక్క శాఖయే. కావున పల్లెవారి యాట శాస్త్రమునకు వెలియైనదను మాట చరిత్రకు నిలువదు. శాస్త్రకారుడే పల్లెకు పోయి దానిని చూచి వ్రాసికొనెను.

ఈ సీమకు మఱియొక వారసత్వము గలదు. 1839 లో ఇంగ్లీషు కుంపిణీవారు నవాబు గులాం రసూల్ ఖానును పదవినుండి తొలగించువఱకు కర్నూలు సీమ నవాబుల యేలుబడిలో నుండెను. ఆ కాలపు జీవనమునుండి మిగిలినవానిలో ముఖ్యమైనది పీర్లపండుగ. హిజరీ 61 వ సంవత్సరమున, అనగా క్రీస్తుశకము 680 లో, కర్బలా మైదానమున ఇమాము హుసేను అమరుడైన దినములను స్మరించు ఈ పండుగ రాయలసీమలో హిందువులకును ముసల్మానులకును ఉమ్మడిది. పీర్లచావడి యెదుట గుంట త్రవ్వి, కట్టెలు పేర్చి నిప్పంటించి, తప్పెటల మ్రోతకు అడుగు కలిపి జనులు దానిచుట్టు తిరుగుదురు. ఆ గుంటనే అలావ యని యందురు. ముసల్మాను కుటుంబములు ఒకటి రెండు మాత్రమే యున్న యూళ్ళలోను ఈ పండుగ జరుగుచున్నది. అనంతపురము సీమలో గూగూడు కుళ్ళాయస్వామి యుత్సవ మిందులకు ప్రసిద్ధమగు నుదాహరణము. దానిని గూర్చి అఫ్సర్ మహమ్మదుగారు 2013 లో ఇంగ్లీషున నొక పరిశోధన గ్రంథమునే ప్రకటించిరి. శోకదినములలో ఆట తగదని చెప్పు ముసల్మాను పండితులును లేకపోలేదు. వారి మాటను తృణీకరింపరాదు. అయినను ఆ మంటచుట్టు తిరుగువారికి దుఃఖమును, మ్రొక్కుబడియు, వేడుకయు వేర్వేరు వస్తువులు కావు.

ఇక చెక్కభజన. కంచుబిళ్ళలు గ్రుచ్చిన కొయ్యచెక్కలను చేతబట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, శ్రీరామనవమివంటి పర్వములలో యువకు లాడునది. పగలెల్ల చేనిలో పనిచేసి, రాత్రులు గురువుకడ నేర్చుకొందురు. ఒకని యడుగు తప్పిన వలయమెల్ల తడబడును; కావున బాగుగ నేర్చినవాడు నేర్వనివానికై నిలిచి వేచియుండవలెను. కోలాటమునందును నిదే నియమము. దాని వరుసలను కోపు లందురు. జడకోలాటమున నడుమ నున్న త్రాళ్ళను ఆడువారు తమ నడకతోనే జడగా అల్లి, వెనుకకు తిరిగి యాడి విప్పుదురు. ఒక్కరు క్రమము తప్పిన నా జడ విడివడదు. సహకారమును గూర్చి పాఠశాలలో మనము చెప్పు ఉపన్యాసములకంటె ఈ త్రాడు చేయు బోధ స్పష్టమైనది.

ఇట్టి యాటలు వానలు పడని దేశమున ఎందులకు వేళ్ళూనెనో యోచింపవలసియున్నది. 1876–78 నాటి కఱవు కర్నూలు సీమను ఛిన్నాభిన్నము చేసెను. ఆ కష్టమునకు మిక్కిలి గుఱియైన మండలములలో నిది యొకటి. సుంకేసులనుండి కడపవఱకు పాఱు కె.సి. కాలువ అంతకు ముందే సిద్ధమై యుండియు, దాని నీరు చేరని చేలే ఎక్కువ. పంట నిశ్చయము లేనిచోట పొరుగువాని సాయమే పెట్టుబడి. ఏటి కొకటి రెండుమాఱు లైనను ఊరెల్ల ఒక్క తాళమునకు అడుగు వేయుట ఆ సాయమును నిలుపుకొను ఉపాయములలో నొకటియని నా యభిప్రాయము.

ఇట్టిదానిని చదువుకొన్న కుటుంబములు ఎందులకు విడిచెను? దీనికి సమాధానము మన సంస్కరణ చరిత్రలోనే యున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగము మేళములను ఖండించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు శీలశుద్ధి నుపదేశించిరి. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు శాసనసభలో పోరాడిరి. 1947 లో మద్రాసు ప్రభుత్వము బాలికలను దేవదాసీలుగ నర్పించుటను నిషేధించెను. ఆ యన్యాయమును మాన్పుట అవశ్యకర్తవ్యము. కాని ఆ యుద్యమపు వేడిలో నృత్యమన్న పదమునకే యొక సిగ్గు అంటుకొనెను. పిమ్మట శాస్త్రీయ నృత్యమునకు గౌరవము తిరిగి వచ్చినది. 1936 లో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రము ఇందులకు తోడ్పడెను. ఆ గౌరవము రంగస్థలముపై నాడువారికి దక్కెను. చావడియెదుట నాడువారికి నిందయు లేదు, గౌరవమును లేదు. ఉపేక్షయే వారి పాలయ్యెను.

ఇట్టి చరిత్రయే ఐర్లండు దేశమున మఱియొక విధముగ నడచినది. ఆ దేశమును మన రాయలసీమతో ముడివేసిన యొక స్త్రీ కలదు. ఆమె మార్గరెట్ కజిన్స్. 1878 లో ఐర్లండులోని బాయిల్ పట్టణమున జన్మించి, డబ్లినులో సంగీతము నభ్యసించి పట్టము పొందెను. 1908 లో ఆ దేశపు స్త్రీల వోటుహక్కు సంఘమును స్థాపించినవారిలో నొకతె. 1915 లో భర్త జేమ్సు కజిన్సుతో హిందూదేశమునకు వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో నివసించెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు వచ్చి జనగణమన గీతమును పాడగా, ఆమె విని, దాని వరుసను స్వరలిపియందు నిలిపెను. విద్యార్థులు దానిని ప్రాతఃకాల ప్రార్థనగా సామూహికముగ పాడసాగిరి. 1950 జనవరి 24 న అది జాతీయగీతమయ్యెను. ఒక కవి కంఠమునందలి పాట పదిమంది కలసి పాడుకొనుటకు వీలగునట్లు చేయుట ఆమె చేసిన పని. ఆమె వచ్చిన దేశమున ఆ నాళ్ళలో జరుగుచుండిన యుద్యమముతో నిది పొసగియున్నది.

ఆ యుద్యమ మెట్టిది? 1845 మొదలు 1852 వఱకు కలిగిన ఱేడుకఱవున ఐర్లండున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ గాని సంఖ్యలో దేశము విడిచి పోయిరి. పాటయు, ఆటయు, భాషయు వారితోడనే క్షీణించెను. 1893 లో డగ్లస్ హైడ్ ప్రభృతులు గేలిక్ లీగు అను సంఘమును స్థాపించి భాషోద్ధరణమునకు పూనుకొనిరి. జనులను తరగతులకు రప్పించుటకు వ్యాకరణ మొక్కటియే చాలదని గ్రహించి, 1897 అక్టోబరు 30 న లండను నగరమున బ్లూమ్స్‌బరీ హాలులో సంగీతముతో, నృత్యముతో నొక కూటము జరిపిరి. దానికి కేలీ యని పేరిడిరి. సాయంకాలమున ఇరుగుపొరుగువారు ఒక యింట చేరుట యని యా పదమునకు మూలార్థము. మన కేళీ శబ్దముతో దానికి ధ్వనిసామ్యమే గాని సంబంధము లేదు. మొదటి కేలీ స్వదేశమున గాక వలసవచ్చినవారి నగరమున జరిగినదని గమనింపవలెను. ఊరు విడిచినవారికే ఊరి యాట విలువ ముందుగా తెలియును.

అయితే ఆ సంస్కర్తలు రెండు పొరపాట్లు చేసిరి. మొదటిది అతిశుద్ధి. పల్లెవారు ఎంతయో ప్రీతితో ఆడుచుండిన సెట్టు నృత్యములు ఫ్రెంచి క్వాడ్రిల్లునుండి పుట్టినవని, కావున పరదేశీయములని, లీగువారు వానిని నిషేధించిరి. మూడు తరములుగ పల్లెలో నలిగి పల్లెసొత్తైన దానిని పుట్టుక విచారించి వెలివేయుట న్యాయము గాదు. రెండవది అనుజ్ఞాపత్రము. 1935 లో స్వతంత్ర ఐర్లండు ప్రభుత్వమే బహిరంగ నృత్యశాలలకు న్యాయస్థానపు అనుమతి కావలెనని శాసించెను. మతాచార్యులు నీతి చెడునను భయముతో దీనిని కోరిరి. ఫలితముగ పలుచోట్ల ఇండ్ల వంటగదులలోను, నాలుగుత్రోవల కూడలిలోను జరుగు నాటలను సయితము పోలీసువారు అడ్డగించిరి. అనుమతిగల శాలలో పెద్ద వాద్యబృందములు నిలిచెను; వంటగదిలోని ఫిడేలువానికి పని తక్కువయ్యెను. వలసయు దానికి తోడయ్యెను.

ఆ దేశము తేరుకొన్న విధముకూడ చెప్పవలెను. 1951 లో సంగీతకారులే చేరి కోల్టస్ అను సంఘమును స్థాపించి, ఊరూర పోటీలను, మేళములను నడపిరి. 1973 లో విల్లీ క్లాన్సీ యను వాద్యకారుడు మరణింపగా, ఆయన యూరగు మిల్‌టౌన్ మాల్బేలో ఆయన పేర వేసవి పాఠశాల నేర్పడెను. అక్కడ పెద్దలు పిన్నలకు ప్రక్కన కూర్చుండి నేర్పుదురు. లీగువారు వెలివేసిన సెట్టు నృత్యములు తిరిగి గౌరవముతో వచ్చి, నేడు ప్రపంచమున అనేక నగరములలో నడుచుచున్నవి. వానిని బ్రదికించినది శాసనము గాదు, పరిశుద్ధి గాదు; ఎవరు వచ్చినను చేయిపట్టుకొని వలయమున చేర్చుకొనుట.

ఈ చివరి మాటయొద్ద మనము తలవంచుకొనవలెను. మన వలయము అందఱికిని తెఱవబడియున్నదా? తప్పెట లేనిదే పీర్లపండుగ లేదు, జాతర లేదు. కాని తప్పెట వాయించు మాదిగ సోదరుడు యుగములుగ వలయమునకు వెలుపల నిలిచియే తాళ మిచ్చెను. అతని తాళమునకు ఊరెల్ల ఆడును. అతనిని మాత్రము ఊరిలో కలుపుకొనదు. ఈ దోషమును దాచి పల్లెయాటలను పొగడుట సంస్కర్తకు తగని పని. స్త్రీల విషయమున మార్పు కొంత కనబడుచున్నది. గొబ్బిపాటలకే చాలకాలము పరిమితులైయుండిన గృహిణులు నేడు కోలాట బృందములు కట్టి, తిరుమల బ్రహ్మోత్సవముల వాహనసేవలలో వీధులవెంట నాడుచున్నారు. ఒకనాడు సిగ్గని విడువబడినది భక్తియను పేర తిరిగి యింటికి వచ్చెను. ఇది శుభమే. అయినను ఒకే విధమగు చీరలు కట్టి, ఊరేగింపులో చూపుటకై యాడునది క్రమముగ మొదటివిధమగు నృత్యమై పోకుండ జాగ్రత్తపడవలెను. ఇంటి వాకిట, రెండు మూడు కుటుంబములవారు చేరి, తప్పటడుగులతోనైనను ఆడుకొను సాయంకాలములు దానికి ప్రాణము.

రాబోవు సంవత్సరములలో మనకొక యవకాశము కలుగనున్నది. హిందువుల మాసములును, ముసల్మానుల మాసములును చంద్రునే యనుసరించును. మనవారు అధికమాసము కలిపి ఋతువులతో సరిపెట్టుదురు, వారు కలుపరు. కావున పీర్లపండుగ ఏటేటికి పదిపదునొకండు దినములు ముందునకు జరిగి, సుమారు ముప్పదిమూడేండ్లకు ఋతువు లన్నిటిని చుట్టివచ్చును. 2026 లో జూను నెలకు చేరు మొహర్రము 2032, 2033, 2034 సంవత్సరములలో చైత్రమాసముతో కలియవలసియున్నది. అనగా ఆ మూడేండ్లును శ్రీరామనవమి చెక్కభజనయు, పీర్ల యలావయు కొద్ది దినముల యెడముతో ఒకే వెన్నెలలో వచ్చును. వాయించు తప్పెట లవే. ఆడు పాదములును అవే. పంచాంగము తనంతట ఈ రెంటిని చేర్చినప్పుడు మనుష్యులు వానిని విడదీయుదురా, చేర్చికొందురా యన్నది మన తరమువారు తేల్చవలసిన ప్రశ్న.

అందుల కిప్పటినుండియే చేయదగినది కొంత కలదు. ప్రతి యూరిలోను వృద్ధులైన చెక్కభజన గురువులు కలరు; వారి యడుగులను, కోపులను పిల్లలకు నేర్పింపవలెను. పాఠశాల వార్షికోత్సవమున సినిమా పాటకు బదులు ఒక కోలాటము పెట్టవచ్చును. బాలురును బాలికలును, అన్ని కులములవారును, అందుండవలెను. తప్పెటవానిని పిలిచి, తగిన వేతన మిచ్చి, వలయముమధ్య నిలుపవలెను. మదనపల్లెలో నా యైరిషు వనిత యొక గీతమును పదిమంది గొంతులలో నుంచి పోయినది. మన యూళ్ళ తాళము మన పిల్లల పాదములలో నుండుటకు మన మేమి చేయుచున్నాము?