పుత్తూరు చేలల్లో కూర, కొండల్లో కాయ

పుత్తూరు చుట్టుపక్కల ఎవరూ నాటకుండా దొరికే తిండి మూడు చోట్ల ఉంటుంది. చేనిగట్టు ఆడవాళ్ల సొంతం. చెరువుకట్ట, వంకగట్టు అందరివీ. నగరి కొండల నుంచి నారాయణవనం, నాగలాపురం కొండల దాకా పరుచుకున్న అడవి యానాదులకూ మేకల కాపరులకూ ఎక్కువగా తెలిసిన చోటు. ఈ ప్రాంతం ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలో ఉండేది. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, ఆ తర్వాత చిత్తూరు జిల్లాలోను ఉండి, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పాలన ఇన్ని చేతులు మారినా ఏ ఆకు ఎప్పుడు కోయాలన్న లెక్క మాత్రం వానలతోనే నడిచింది.

ఇక్కడ వాన రెండు విడతలుగా పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యం. ఏ మొక్కయినా ఈ రెండు విడతల్లో ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పూసింది అన్నది దాన్ని పోల్చుకోవడానికి ఆకూ కాయా ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. కాలం కాని కాలంలో కనిపించిన దాన్ని పెద్దవాళ్లు ముట్టుకోకపోవడంలో మూఢనమ్మకం ఏమీ లేదు. పరిచయమైన మొక్కకు ఉండాల్సిన గుర్తుల్లో ఒకటి తప్పిందని దాని అర్థం.

తొలి వానలకు చెనిక్కాయ చేలల్లో పైరుకన్నా ముందు కూరే లేస్తుంది. గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు, గలిజేరాకు, తుమ్మాకు, వామింటాకు అందులో ముఖ్యమైనవి. కలుపు తీసేవాళ్లు పనికొచ్చేదాన్ని ఒడిలో వేసుకొని, మిగిలినదాన్ని గట్టున పారేసేవాళ్లు. గురుగాకు వెన్ను వేయకముందే కోయాలి, తెలుపూ గులాబీ కలిసిన పూలవెన్ను వచ్చాక ఆకు ముదిరి పీచవుతుంది. వామింటకు తెల్లపూలు. దాని పక్కనే పసుపు పూలతో, చేతికి జిగటగా అంటుకుంటూ మొలిచేది కుక్కవామింట. గలిజేరులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి ఉడికించిన నీళ్లు వంపేయాలి, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. చెరువు అంచున పెరిగే పొన్నగంటికి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ఆకు మొదట్లోనే తెల్లటి చిన్న పూలగుత్తి ఉంటుంది. అయితే మురుగు కలిసే నీటి ఒడ్డున పెరిగినది ఎంత లేతగా ఉన్నా వదిలెయ్యాలి.

ఇలా ఏరిన నాలుగైదు రకాలను కలిపి, చింతపండు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పులగూర. రాగిసంగటికి ఇంతకన్నా సరిజోడు ఈ సీమలో లేదనడం కొంత పక్షపాతమే అయినా పెద్ద తప్పేమీ కాదు. పులగూరకు ఒక కట్టడి ఉంది. చేనిలో మొలిచే చిన్న మొక్కల ఆకులే అందులోకి వెళ్తాయి, పేరు తెలియని చెట్టు ఆకు వెయ్యరు. కారణం అడవిలోని ఒడిసాకు. గుండ్రటి, నున్నటి ఆకులున్న ఆ చెట్టును మేకలు కూడా వదిలేస్తాయి. దాని విషం ఉడికించినా పోదు, గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

కామంచాకుది మరో పాఠం. తమిళ ఇళ్లలో మణత్తక్కాళి అనే ఈ మొక్క పెరళ్లలో దానంతట అదే మొలుస్తుంది. ఆకు వండుకోవచ్చు. గుత్తులుగా కాసే చిన్న కాయలు మాత్రం నల్లగా పండాకే తినాలి, పచ్చికాయలో సొలనిన్ అనే విషం ఉంటుంది. మొక్క తినదగినదే అయినంత మాత్రాన దాని ప్రతి భాగమూ ప్రతి దశలోనూ తినదగినది కాదు.

పుట్టగొడుగుల సంగతి వేరు. ఈ ప్రాంతంలో వాటిని నిజంగా తెలిసి ఏరేవాళ్లు తక్కువ, తెలుసనుకొని ఏరేవాళ్లు ఎక్కువ. ఉరుములతో వానపడి, తర్వాత ఉక్కపోసిన రోజుల్లో చెదపుట్టల మీదా వాటి చుట్టూ లేచేవి అసలైన పుట్టగొడుగులు. చెదపురుగులు పుట్ట లోపల తమ తిండి కోసం ఒక బూజును పెంచుకుంటాయి. ఆ బూజు వానకాలంలో పైకి పంపే గొడుగే ఇది. శాస్త్రవేత్తలు ఈ జాతిని టెర్మిటోమైసిస్ అంటారు, 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ దానికి ఆ పేరు పెట్టాడు. అందులో దక్షిణ భారతంలో దొరికే ఒక రకాన్ని 1979లో కె. నటరాజన్ వర్ణించి హైమ్ పేరే పెట్టారు. పోల్చుకోవడానికి మొదటి గుర్తు నేల కింద ఉంటుంది. కాడ వేరులా సాగి పుట్టలోపలి దాకా దిగుతుంది. అందుకే దాన్ని పైపైన తుంచకుండా మట్టి తవ్వి చూడాలి. గొడుగు నడినెత్తిన మొనదేలిన బొడిపె ఉంటుంది. గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే రాలే పొడి లేత గులాబీ రంగులో ఉంటుంది.

దీనికి భిన్నంగా, వాన వెలిశాక పచ్చిక మీద, బడి ఆవరణల్లో, పేడకుప్పల దగ్గర తెల్లగా విశాలంగా లేచి, నెత్తిన గోధుమరంగు పొలుసులుండే గొడుగు ఒకటి ఉంది. చూడ్డానికి నోరూరిస్తుంది. కాగితం మీద దాని పొడి ఆకుపచ్చగా రాలుతుంది. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అంతకన్నా ప్రమాదం కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు, మధ్యలో ఉంగరం, గొడుగు కింద తెల్లటి రెక్కలు ఉన్నవి. ఆ రకాల్లో కొన్నిటి విషం ఆరేడు గంటల పాటు, ఒక్కోసారి రోజంతా ఏ బాధా తెలియనివ్వదు. తర్వాత వాంతులు మొదలై, మధ్యలో తగ్గినట్టు అనిపించి, మూడో రోజుకు కాలేయాన్ని కూల్చేస్తుంది. ఎంత ఉడికించినా ఆ విషం చావదు. వండేటప్పుడు వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, తెల్లగడ్డ రంగు మారకపోతే మంచిదనీ, పురుగు తిన్నది మనిషీ తినొచ్చనీ చెప్పే పరీక్షలన్నీ పనికిరానివి. కుక్కగొడుగు అనే ఒకే పేరు కింద ప్రాణం తీసేవాటినీ, కడుపునొప్పితో పోయేవాటినీ, ఏమీ చేయనివాటినీ కలిపేయడం ఊరివాళ్ల అజ్ఞానమని కొందరంటారు. నిజానికి అది జాగ్రత్తే. పుట్ట మీద లేవనిది, వేరు దిగనిది అంతా ఆ పేరులోకి పోతుంది, దాన్ని ఎవరూ తినరు.

గడ్డలు తవ్వడంలో యానాదులదే పైచేయి. తీగ ఆకు చూసి పెట్టుకొని, ఈశాన్య వానలు వెళ్లాక తీగ ఎండే వేళకు తవ్వుతారు, గడ్డ ఊరేది అప్పుడే. చేదు గడ్డలను కోసి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టి ఉడికిస్తారు. ఇక్కడ తప్పకుండా తెలుసుకోవాల్సింది అడవినాభి. కంచెల మీద వానకాలంలో ఎరుపూ పసుపూ కలిసిన మంటలాంటి పూలతో పాకుతుంది. ఆకు చివర నులితీగలా చుట్టుకొని ఉంటుంది, అడవి తీగగడ్డల ఆకుకు ఈ చుట్ట ఉండదు. పూలు రాలిపోయాక తవ్వినవాళ్లకు దాని గడ్డ తినే గడ్డలాగే కనిపిస్తుంది, అందులోని కోల్చిసిన్ కొద్దిగా చాలు ప్రాణం తీయడానికి. నన్నారి షర్బత్తుకూ ఊరగాయకూ వాడే మారెడు కొమ్ములు కూడా కొండ నుంచి వచ్చేవే. వేరు కోసం మొక్కనే పెకలించడంతో అవి అరుదైపోతున్నాయి.

పండ్ల ఏడాది ఎండాకాలంలో మొదలవుతుంది. తునికి, సారపండ్లు, పాలపండ్లు, ఈతపండ్లు ముందు వస్తాయి, వెనకే నేరేడు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఎక్కడా పెరగని మొగి చెట్టు పండ్లు నేరేడుకు దగ్గరి బంధువులు. వానల్లో కలివికాయలు, సెప్టెంబరు తర్వాత సీతాఫలం, చలికాలంలో ఉసిరి, రేగు, పరికి పండ్లు. వీటిలో పాలపండూ కలివికాయా గిల్లితే పాలు కారతాయి. పచ్చగన్నేరు గిల్లినా పాలు కారతాయి, దాని కాయ గుండెను ఆపుతుంది. కాబట్టి పాలు కారితే విషమనే సూత్రమూ నిలవదు. కోతులు తింటే మనుషులూ తినొచ్చనేదీ అంతే, ముష్టిపండు గుజ్జును కోతులు తింటాయి, గింజలో ఉన్నది స్ట్రిక్నిన్. కంచెకు వేసే అడవాముదం గింజలను పిల్లలు వేరుసెనగ పప్పులా నమిలి ఆసుపత్రి పాలవడం కొత్త కాదు.

ఈ తెలివి అంతా సరదాగా పోగుపడలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చనే సామెతలోని బలుసు ఇక్కడి కొండవాలుల్లో పెరిగే ముళ్లపొదే. 1876-78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిలో చాలా భాగాన్ని ఊడ్చింది, ఉత్తర ఆర్కాటునూ వదల్లేదు. కరువు ముగిసిన నాలుగేళ్లకే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి, ఆకలికి ఆసరా అయిన అడవి మీద ప్రభుత్వానికి అదుపు పెంచింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో బతికేవాళ్లకు కలపేతర ఉత్పత్తులు సేకరించుకునే హక్కును గుర్తించింది. మిగతావాళ్లు రిజర్వు అడవిలో ఏరుకోవాలంటే అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగతనాల వల్ల కాపలా ముమ్మరమైన ఈ కొండల్లో అనుమతి లేకుండా తిరగడం కాయ కోసమైనా మంచిది కాదు.

చేలల్లో కొత్త ప్రమాదం కలుపుమందు. మందు కొట్టిన చేనిలోని గురుగాకు రెండు మూడు రోజులు పచ్చగానే కనిపించవచ్చు. చేనివాళ్లను అడగకుండా కోసే కూర పాతకాలంలో మర్యాద తప్పు, ఇప్పుడు అది ఆరోగ్యానికే ముప్పు.

అనుమానమున్నది తిన్నాక నోరు మండినా, వాంతి వచ్చినా, చూపు మసకబారినా ఇంటివైద్యం చేయకూడదు, బలవంతంగా కక్కించకూడదు. 108కి ఫోన్ చేసి పుత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, తిరుపతి రుయా ఆసుపత్రికి గానీ వెళ్లాలి. తిన్న మొక్క, గొడుగు లేదా వండినదానిలో మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి తీసుకెళ్లాలి, తిన్న సమయం చెప్పాలి. అదే కూర తిన్న మిగతావాళ్లకు అప్పటికి ఏమీ అనిపించకపోయినా వాళ్లనూ వెంట తీసుకెళ్లాలి.