ఢిల్లీకి పోకముందే వలీ

ఉర్దూ గజల్ అంటే చెవికోసుకునే వారికి వలీ దక్కనీ పేరు కొత్త కాదు. ఆయన గురించి మన బడుల్లో తరతరాలుగా ఒక కథ చెబుతూ వస్తున్నారు. 1700లో ఆయన మిత్రుడు సయ్యద్ అబుల్ మఆలీతో కలిసి దక్కన్ నుంచి ఢిల్లీ వెళ్లాడు. అక్కడ షా సాదుల్లా గుల్షన్ అనే సూఫీ పెద్దాయన, ఫారసీ కవుల భావాలను నీ భాషలోకి తెచ్చుకోమని సలహా ఇచ్చాడట. ఆ సలహాతోనే వలీ కవి అయ్యాడట! ఈ సంగతి రాసినవాడు మీర్ తకీ మీర్, అదీ 1752లో. అంటే యాభై ఏళ్లు గడిచాక.

ఈ కథ నాకు మింగుడుపడదు. వలీ 1667లో ఔరంగాబాదులో పుట్టాడని ఎక్కువమంది చెబుతారు. ఆ లెక్కన ఢిల్లీ చేరేనాటికి ముప్పై మూడేళ్లవాడు. ఆ వయసులో ఒకరు చెబితే తప్ప ఫారసీ సంగతి తెలియనివాడా? షంసుర్ రహ్మాన్ ఫారూఖీ గారు కూడా దీన్ని నమ్మలేదు.

అసలు దక్కన్లో లేనిదేమిటి? గోలకొండలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1611 నాటికే పెద్ద దీవాను మిగిల్చి పోయాడు. వజహీ 'సబ్ రస్' 1635 నాటిది. బీజాపూరులో హసన్ షౌకీ గజళ్లు, నుస్రతీ మస్నవీలు వచ్చాయి. 1686లో బీజాపూరు, 1687లో గోలకొండ మొగలుల వశమయ్యాయి. దర్బారులు పోయాయి గాని కవిత్వం పోలేదు. మొగలుల పెద్ద స్థావరమైన ఔరంగాబాదులో ఉత్తరాది సిపాయిలు, మున్షీలు, ఫారసీ పండితులు ఎప్పుడూ వుండేవారు. వాళ్ల మాట, మన దక్కనీ అక్కడ రోజూ బజారులోనే కలిసిపోయేవి. వలీ భాషలోని నునుపు ఆ గడ్డ మీదే వచ్చిందని నా అభిప్రాయం.

ఆయన 1707లో అహ్మదాబాదులో కన్నుమూశాడంటారు. అసలు కీర్తి ఆ తర్వాతనే. 1720లో ఆయన దీవాను ఢిల్లీ చేరింది. చిన్నా పెద్దా అందరి నోటా ఆ షేర్లే ఆడాయని ముసలితనంలో హాతిమ్ చెప్పగా ముస్హఫీ రాసిపెట్టాడు. అంతవరకు ఫారసీలోనే గొప్ప కవిత్వం అనుకున్న ఢిల్లీవారు, ఆబ్రూ, నాజీ, హాతిమ్ మొదలైనవారు, రేఖ్తాలో రాయసాగారు. మరి ఎవరు ఎవరికి నేర్పినట్టు? 1834లో ఆ కవిత్వం పారిస్ నగరంలో అచ్చయింది కూడా.

ఇక్కడ ఇంకో మాట. 1880లో 'ఆబె హయాత్' రాసిన ముహమ్మద్ హుసేన్ ఆజాద్, ఉర్దూ కవిత్వానికి వలీయే బాబా ఆదమ్ అన్నాడు. ఇదీ అతిశయమే. 1940లో మన హైదరాబాదు పండితుడు డాక్టర్ జోర్ గారు కులీ కుతుబ్ షా కుల్లియాత్ అచ్చువేశాక, ఆదమ్ కంటే ముందే చాలామంది వున్నారని లోకానికి తెలిసింది.

తర్వాత అదే హాతిమ్ తన దీవానులోంచి నైన్, జగ్ లాంటి హిందవీ మాటలను ఏరి పారేశాడు. వలీ మాత్రం వాటిని ఫారసీ మాటల పక్కనే కూర్చోబెట్టాడు.