కుడి మడ్‌గార్డ్ చాటున

1967 అక్టోబర్ నెలాఖరు. ఇటలీలోని మోంజా ట్రాక్. చెట్ల మీద మంచు, కాంక్రీటు మీద చెమ్మ. పోర్షే 906 కదలకుండా నిలబడి ఉంది. రేసుల కోసమే పుట్టిన బండి. అయినా ఏటవాలు మలుపుల్లోని గతుకులు దాని సస్పెన్షన్‌ని విరగ్గొట్టేశాయి. జో సిఫెర్ట్, డీటర్ స్పోరీ, రికో స్టైనెమన్, చార్లెస్ ఫోగెలె. నలుగురూ స్విట్జర్లాండ్ డ్రైవర్లే. 96 గంటలు ఆగకుండా పరిగెత్తి రికార్డు కొట్టాలని వచ్చారు. బండి చూస్తే మధ్యలోనే కూలబడింది. కబురు స్టట్‌గార్ట్‌లోని పోర్షే ఫ్యాక్టరీకి వెళ్లింది.

లారీ ఎక్కించి తెచ్చే వ్యవధి లేదు. రెండు 911 ఆర్‌లు రోడ్డు మీద నడుచుకుంటూనే వచ్చేశాయి. చూడ్డానికి వీధిలో తిరిగే 911లాగే ఉంటాయి. తలుపులు ఫైబర్‌గ్లాస్. మొత్తం బరువు దాదాపు 800 కిలోలు. వెనకాల 1,991 సీసీ ఇంజిన్, 210 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు. చుక్క నీళ్లు లేవు. ఉన్నదల్లా గాలి, ఆయిల్. ఈ రెంటినీ నమ్ముకునే ఒక బండిని ట్రాక్ మీదికి తోశారు.

ఏడాది కిందట జపాన్‌లోని యటాబే ట్రాక్ మీద టయోటా 2000 జీటీ 72 గంటలు పరిగెత్తింది. సగటు వేగం గంటకి 206.02 కిలోమీటర్లు. దాన్ని దాటాలి. పెట్రోల్‌కి ఆగినా, టైరు మార్చినా ఆ నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. హైదరాబాద్‌లో బయల్దేరితే గంట తిరిగేసరికి ఆలంపూర్ చౌరస్తా రావాలన్నమాట. మరో గంటకి మళ్లీ హైదరాబాద్. మళ్లీ చౌరస్తా. పగలూ రాత్రీ, నాలుగు రోజులు.

జెండా ఊగింది.

ఒక్కో చుట్టు 4.25 కిలోమీటర్లు, 73 సెకన్లు. గోడలా లేచిన మలుపులోకి బండి దూసుకెళ్లి, డ్రైవర్ నడుం సీట్లోకి కుంగి, చక్రాలు అతుకు అతుక్కీ దడదడలాడి, కిందికి జారి, సూటి దారిలో ఊపిరి తీసుకునేలోపే మళ్లీ గోడ ఎదురై, చీకటి పడి, హెడ్‌లైట్ల ముందు మంచు తెరలు చీలి, తెల్లారి, డ్రైవర్ మారి, మళ్లీ చీకటి పడినా ఆ వెనకాల ఇంజిన్ మాత్రం ఒకటే హోరు. డ్రైవర్ ఒక కంట రోడ్డు చూస్తాడు. ఇంకో కంట ఆయిల్ ముల్లు. అది మెల్లగా పైకి పోతే?

ఆయిల్ మితిమీరి కాగితే పలచబడుతుంది. పలచబడితే ప్రెజర్ పడిపోతుంది. బేరింగుల మధ్యనున్న ఆ సన్నటి పొర తెగిందంటే లోహాన్ని లోహం రాసుకుంటుంది. ఆ తర్వాత ఇంజిన్ సీజ్. 911లో ఇంజిన్‌నే అంటిపెట్టుకుని ఒక కూలర్ ఉంటుంది. సిలిండర్ల మీదికి గాలి కొట్టే ఫ్యానే దానికీ గాలి పంచాలి. మామూలు రోడ్డుకి అది చాలు. 96 గంటల పరుగుకి ఏం చాలుతుంది? అందుకే 911 ఆర్‌కి ముందు వైపు, కుడి మడ్‌గార్డ్ చాటున రెండో కూలర్ పెట్టారు. వెనకాల కాగిన ఆయిల్ పైపుల్లో బండి పొడుగునా ముందుకొస్తుంది. ఎదురుగాలికి చల్లబడి మళ్లీ వెనక్కి పోతుంది. ఆలంపూర్‌లో జోగులాంబ అమ్మవారిది ఉగ్రరూపం. ఆ ఉగ్రం చల్లారాలనే గుడి చుట్టూ నీటి గుండం కట్టారు. ఇక్కడ నీళ్లు లేవు, గాలే గుండం. ఆ గాలి నాలుగో రాత్రి దాకా ఇంజిన్‌ని కాస్తుందా?

72 గంటలు దాటాయి. టయోటా వెనకబడింది. ఇంజిన్ హోరు ఆగలేదు. నవంబర్ 4. 20,000 కిలోమీటర్లు పూర్తయ్యాయి. చుట్లు 4,700 పైనే. సగటు వేగం గంటకి 209.23 కిలోమీటర్లు.

మరుసటి ఏడాది శరత్కాలంలో కొత్త 911 ఎస్ మార్కెట్లోకి వచ్చింది. డబ్బు పెట్టి ఎవరైనా కొనుక్కునే బండి. దాని కుడి మడ్‌గార్డ్ చాటునా రెండో కూలర్ కూర్చుంది.

ఆ కూలర్ లేని పాత 911కి దాన్ని తగిలించే పని ఈనాటికీ అదే దారిన నడుస్తుంది. కుడి వెనక చక్రం ముందు థర్మోస్టాట్. అక్కణ్ణుంచి తలుపు కింద అంచు వెంబడి రెండు పొడుగాటి పైపులు. ముందు కూలర్. పాత నట్లు తుప్పుకి అతుక్కుపోయి ఉంటాయి. ఒక స్పానర్‌తో అదిమిపట్టి, రెండోదానితో తిప్పాలి. తొందరపడి ఒకే స్పానర్ వేశారో, పైపు మెలిపడుతుంది, థర్మోస్టాట్ మర చెడుతుంది. ఖరీదైన తప్పు అది. బిగింపు అయ్యాక కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, మెకానిక్ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంటాడు. పైపు మీద అరచెయ్యి పెడతాడు.

చల్లగా ఉంది. ఆయిల్ ఇంకా వెనకాలే తిరుగుతోంది. సుమారు 83 డిగ్రీలు వస్తే గానీ థర్మోస్టాట్ దారి ఇవ్వదు. ఐదు నిమిషాలు. పది. షెడ్డు రేకుల కింద పొగ వాసన కమ్ముతోంది. చెయ్యి తియ్యడు. పైపు ఇంకా చల్లగానే ఉంది. నట్టు ఎక్కడైనా వదులైందా? థర్మోస్టాట్ ఇరుక్కుందా?

అరచేతి కింద పైపు గోరువెచ్చనయింది.