తాత భుజం మీది కాయ

మా తాత కుడి భుజం మీద చర్మం మొద్దుబారి కాయ కాసి ఉండేది. చిన్నప్పుడు దాన్ని వేలితో తడుముతూ ఆడుకునేదాన్ని. పడవ తాడు ఒరిసిన చోటది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ. రెండూ సాగకపోతే మనుషులు గట్టు దిగి తాడు భుజాన వేసుకుని పడవను లాగాలి. పెదగంజాం నుంచి మద్రాసు దాకా బకింగ్‌హాం కాలువ మీద తాత అలా ఎన్నిసార్లు నడిచాడో! డెల్టా బియ్యం, ఉప్పు, శ్రీహరికోట సరుగుడు కట్టెలు ఆ దారినే వెళ్ళేవి. మద్రాసులో ఎన్నో పొయ్యిలు ఆ కట్టెలతో మండాయి.

మొన్న జనవరిలో తమ్ముడి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని నాలుగు రోజులు ఆ దారి పట్టుకున్నాను. రామాయపట్నం, కృష్ణపట్నం, దుగరాజపట్నం. తూర్పున సముద్రం హోరు వినిపిస్తూనే ఉంటుంది. ఒక తెల్లవారుజామున ఇసుకలో ట్రాక్టరు చక్రాల్లాంటి జాడలు కనిపించాయి. రాత్రి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ఆలివ్ రిడ్లే తాబేళ్ళవి. పులికాట్ చేరేసరికి నీళ్ళ మీద గులాబీ రంగు గీత. దగ్గరికి వెళ్తే అవి ఫ్లెమింగోలు, తలలు నీళ్ళలో ముంచి మేస్తున్నాయి. తాత కూడా పడవలోంచి ఈ సరస్సునే చూసి ఉంటాడు. ఆయన మాకు పక్షుల గురించి ఎన్నడూ చెప్పలేదు, తాడు గురించే చెప్పాడు.

దుగరాజపట్నం దాటాక ఒక పెద్దాయన కాలువలోని గుర్రపుడెక్క చూపించి, "నీళ్ళు ఆగిపోయినాయమ్మా, పడవలూ ఆగిపోయినాయి" అన్నాడు.

ఈ కాలువకు మొదలు 1806లో. బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించాడు. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి, విడతలుగా ఉత్తరానికి సాగి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలను అందుకుంది. 1899లో మద్రాసు–బెజవాడ రైలు వచ్చి సరుకు లాక్కుంది. 1965, 66 తుఫాన్లు గట్లను దెబ్బతీశాయి. ఆపైన లారీలు.

ఈ కాలువ కథలో నన్ను ఆపేది మధ్యలో వచ్చిన ధాత కరువు. 1876లో వానలు పోయాయి. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్కను 1877–78లో కరువు పనిగా తవ్వించారు. 1877 జనవరిలో భారత ప్రభుత్వం కరువు పర్యవేక్షణకు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలోని కరువు కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కట్టడి చేశాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. పార పట్టిన మనిషికి అది చాలదని శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాక కొన్ని నెలలకు పెంచారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. కాలువకు ఆయన పేరు పెట్టారు.

అది అన్యాయమనే నేనంటాను. ఆ మట్టి మోసినవాళ్ళకు ఒక్క శిలాఫలకమైనా ఉండాల్సింది. ఇప్పుడు చెన్నైలో లోకల్ రైలు స్తంభాలు ఆ కాలువ నడుమే నిలబడి ఉన్నాయి. మైలాపూరు వైపు ఆ రైలెక్కితే, ఒక్కసారి కిటికీలోంచి కిందికి చూడండి. ఆ నల్లటి నీళ్ళున్న గుంట కరువు కూలీలు తవ్వింది.